కామెర్లకు పసరా, పరీక్షా? రాయగడ వైపు వాళ్లకు నాకు తెలిసిన లెక్క

ఒడిశాలోని రాయగడలో మా మందుల షాపు ముందు కొన్ని రోజులు పొద్దున్నే ఆరింటికల్లా మనుషులు నిలబడి ఉంటారు. పార్వతీపురం వైపు పసరు మందుకు పోయేవాళ్లు. మందు పరగడుపున తాగాలి కాబట్టి మొదటి బస్సే పట్టుకోవాలి. మా దగ్గర ఆగేది గ్లూకోజు పొడి కోసం. ఒకడి కళ్లు లేత నిమ్మపండు రంగులో ఉంటాయి, ఇంకొకడివి ముదిరి నారింజ రంగుకు తిరిగి ఉంటాయి. "మూడు ఆదివారాలు తాగితే తగ్గిపోద్దంట" అని వాళ్లే చెప్తారు. నేను ఈ గల్లాపెట్టె ముందు కూర్చోబట్టి పద్దెనిమిదేళ్లయింది. అలా వెళ్లినవాళ్లలో చాలామందికి తగ్గింది. అది నా కళ్లతో చూశాను, కాదంటే అబద్ధం చెప్పినట్టే.

తగ్గనివాళ్లనూ చూశాను. అందులో ఒకరు మా మావయ్య. అందుకే ఈ పోలిక రాయాలనిపించింది.

కళ్లు పచ్చబడ్డాయంటే రక్తంలో బిలిరుబిన్ అనే పసుపు పదార్థం పెరిగిందని తెలుస్తుంది, అంతే. మామూలుగా అది డెసిలీటరు రక్తంలో 1.2 మిల్లీగ్రాములు దాటదు. రెండున్నర, మూడు దాకా వస్తే కంటి తెల్లగుడ్డులో కనిపిస్తుంది. ఎందుకు పెరిగిందో కంటి రంగు చెప్పదు. మన వైపు ఎక్కువగా వచ్చేది కలుషితమైన నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ, ఇ రకాలు. ఇవి వాటంతట అవే వచ్చి వాటంతట అవే పోతాయి. చాలామందికి కొన్ని వారాల్లో, మహా అయితే రెండు నెలల్లో లివర్ తేరుకుంటుంది. ఈ రకానికి పసరు తాగినా తగ్గుతుంది, చెరుకు రసం తాగినా తగ్గుతుంది, ఏమీ తాగకపోయినా తగ్గుతుంది. (ఆ చెరుకు రసం బండి దగ్గర గ్లాసు కడిగే బకెట్ నీళ్లను ఒకసారి చూడండి. కామెర్లు తగ్గించుకోవడానికి పోయి తెచ్చుకునేవాళ్లు కూడా ఉంటారు.)

పసరుకు ఉన్న పేరంతా ఇక్కడ పుట్టిందే. ఆసుపత్రికి పోతే డాక్టరు "దీనికి ప్రత్యేకంగా మందేం లేదు, రెస్టు తీసుకోండి" అంటాడు. ఆ మాట నిజమే కానీ ఎండలో ఇరవై కిలోమీటర్లు వచ్చినవాడికి చేతిలో ఏమీ పెట్టకుండా పంపినట్టు ఉంటుంది. పసరు ఆయన మాత్రం ఆకు నూరి, పాలల్లో కలిపి, గ్లాసు చేతికిచ్చి, పత్యం చెప్పి, భుజం తట్టి పంపిస్తాడు. రెండు వారాలకు తగ్గుతుంది. ఇక ఆ పేరు ఎవరికి పోతుంది చెప్పండి? పెద్దయ్యాక హెపటైటిస్ బి సోకినవాళ్లలో కూడా నూటికి తొంభై మందికి పైగా ఒంట్లోంచి అదే పోతుంది. వాళ్లూ ఆ ఖాతాలోనే జమ అవుతారు.

ఒక్క మినహాయింపు గట్టిగా చెప్పాలి. నెలలు నిండుతున్న గర్భిణికి హెపటైటిస్ ఇ వస్తే అది ప్రాణాంతకం. అలాంటి మనిషిని పసరుకు తీసుకెళ్లే బస్సు ఎక్కించొద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ఇక మన జిల్లాలకే ఉన్న రెండు సంగతులు కొండ కింది వైద్యుడికి తట్టవు. కోరాపుట్, రాయగడ, మల్కన్‌గిరి మలేరియా ప్రాంతాలు. ఫాల్సిపారం అనే రకం మలేరియా ముదిరితే కళ్లు పచ్చబడతాయి. రెండోది సికిల్ సెల్. ఎర్ర రక్తకణాలు ముందే చితికిపోవడం వల్ల చిన్నప్పటి నుంచి కళ్లు లేతగా పచ్చగా ఉండే పిల్లలు మన ఊళ్లలో ఉన్నారు. వాళ్లకు లివర్ జబ్బు లేదు, రక్తం జబ్బు ఉంది. 2023 జులైలో మొదలైన జాతీయ సికిల్ సెల్ కార్యక్రమం కింద ఈ జిల్లాల్లో పరీక్షలు చేస్తున్నారు. మలేరియా పిల్లాడికి మూడు ఆదివారాల పసరంటే మూడు వారాల ఆలస్యం. అంత టైము ఆ జబ్బు ఇవ్వదు.

ఇంకో రకం అడ్డం పడే కామెర్లు. పిత్తనాళంలో రాయో, క్లోమం దగ్గర గడ్డో అడ్డుపడి పిత్తరసం పేగుల్లోకి దిగదు. మలం తెల్లగా, సున్నం కలిపినట్టు అవుతుంది, మూత్రం చిక్కటి టీ రంగులో వస్తుంది, రాత్రిళ్లు ఒళ్లంతా దురద. నొప్పి లేకుండా ఇలా వస్తే మరీ కంగారు పడాలి. రాయి అయితే ఎండోస్కోపీ గొట్టం పంపి తీసేస్తారు, దాన్ని ఇ.ఆర్.సి.పి. అంటారు. ఏ ఆకూ ఆ రాయిని తోయదు. ఆయుర్వేదం దీన్ని గుర్తించలేదనుకోవద్దు. నువ్వుల పిండి రంగులో మలం వచ్చే కామలను చరకసంహితలోనే విడిగా చెప్పారు, దారి మూసుకుపోవడం వల్ల వస్తుందన్నారు. చదువుకున్న ఆయుర్వేద డాక్టరు మలం రంగు తప్పకుండా అడుగుతాడు. అందరికీ ఒకే గ్లాసు ఇచ్చే ఆయన అడగడు. నాకు ఈ తేడా అల్లోపతికీ ఆయుర్వేదానికీ ఉన్న తేడా కంటే పెద్దదిగా కనిపిస్తుంది.

కాబట్టి ఏ వైద్యానికి పోవాలో తేల్చుకునే ముందు ఏ కామెర్లో తెలుసుకోండి. లివర్ ఫంక్షన్ టెస్టు, హెపటైటిస్ బి, సి పరీక్షలు, మలేరియా పరీక్ష, కడుపు స్కానింగు, వీటితో పాటు ఐ.ఎన్.ఆర్. అనే రక్తం గడ్డకట్టే పరీక్ష. ఒడిశా ప్రభుత్వ ఆసుపత్రుల్లో నిదాన్ పేరుతో పరీక్షలు, నిరామయ పేరుతో మందులు ఉచితంగా ఇస్తారు. క్యూ ఉంటుంది, మిషన్ చెడిపోయిందని రేపు రమ్మంటారు, నాకు తెలుసు. అయినా ఒకటి రెండు రోజుల పని. ఆ కాగితం చేతికొచ్చాక దానంతట అదే పోయే రకమని తేలితే మీ నమ్మకం కొద్దీ ఏం చేసుకున్నా నేను పెద్దగా అడ్డుపడను. చేతికి వాతలు పెట్టించుకోవడం మాత్రం వద్దు. ముక్కులో చేదు రసం పిండించుకోవడమూ వద్దు. ముక్కు లోపలి పొర మండి పచ్చటి నీళ్లు ధారగా కారతాయి, దాన్ని చూసి కామెర్లు దిగుతున్నాయంటారు. సున్నపు నీళ్లతో చేతులు కడిగితే పసుపు దిగడం ముందే చేతులకు పూసిన మామిడి బెరడు రసం మహిమ. మెడలో వేసిన పుల్లల దండ రోజురోజుకూ బొడ్డు దాకా సాగడానికి కారణం పుల్లలు ఎండి ముడులు వదులవడం. ఆరోగ్యంగా ఉన్నవాడి మెడలో వేసినా సాగుతుంది. దండ వల్ల హాని లేదు, వేసుకోండి. దండ ఉంది కదా అని పరీక్ష మానొద్దు.

నేల ఉసిరి సంగతి అడుగుతారు. అడగాల్సిందే, ఎందుకంటే దాని వెనక కొంత చరిత్ర ఉంది. 1988లో మద్రాసు పరిశోధకులు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు నేల ఉసిరి ఇచ్చి చూశారు. ఇచ్చిన 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది, మందు లేని ఉత్త గుళికలు తీసుకున్న 23 మందిలో ఒక్కరికే పోయింది. ప్రపంచమంతా ఆశగా చూసింది. తర్వాత వేరే చోట్ల చేసి చూస్తే ఆ ఫలితం మళ్లీ రాలేదు. అంటే మన పెరటి మొక్కను ఎవరూ తొక్కిపెట్టలేదు, సీరియస్‌గానే తీసుకుని చూశారు. తిప్పతీగ కథ దీనికి తిరగేసినట్టు ఉంటుంది. కరోనా కాలంలో ఇమ్యూనిటీ అని రోజూ గ్లాసుడు తాగినవాళ్లలో కొందరికి లివరే దెబ్బతింది. 2021లో ముంబయి డాక్టర్లు అలాంటి ఆరుగురి గురించి రాశారు, మరుసటి సంవత్సరం వేరే వేరే ఊళ్ల నుంచి 43 మంది లెక్క వచ్చింది. ఆయుష్ శాఖ మాత్రం ఒప్పుకోలేదు, అది తిప్పతీగలాగే కనిపించే వేరే తీగ కావచ్చంది. సరే, ఆయుష్ మాటే నిజమనుకుందాం. మరి ఆదివారం సంతలో కట్టగా అమ్మే తీగ ఏదో మీరెలా పోల్చుకుంటారు?

ఇప్పుడు అసలు కష్టమైన చోటికి వస్తాను. సిరోసిస్. లివర్ గట్టిపడి కుంచించుకుపోవడం. ఇక్కడ ఎంపిక చేసుకోవాల్సిన మనిషి తెలివితక్కువవాడు కాదు, దారి మూసుకుపోయినవాడు.

మా మావయ్యది గుణుపురం. బట్టల షాపులో గుమస్తా. అందరూ అనుకున్నట్టు తాగుబోతు కాదు, జీలుగు కల్లు కూడా ముట్టడు. 2019లో కాళ్లు వాచాయి, పొట్ట బిగుసుకుంది. పరీక్షల్లో హెపటైటిస్ బి ఎప్పటినుంచో ఉందని తేలింది. ప్లేట్‌లెట్లు డెబ్బై వేలు. స్కానింగులో లివర్ చిన్నదైంది, ప్లీహం పెరిగింది. లివర్ కణాలు దెబ్బతింటే పెరిగే ఎస్.జి.పి.టి. మాత్రం దాదాపు మామూలుగా ఉంది. "చూడరా అల్లుడూ, ఇది బాగానే ఉంది కదా" అని ఆ ఒక్క అంకె మీదే వేలు పెట్టి పదిసార్లు చూపించాడు. కాలిపోవాల్సింది కాలిపోయాక పొగ తగ్గినట్టు, ముదిరిన సిరోసిస్‌లో ఆ అంకె తక్కువగానే ఉండొచ్చు. చూడాల్సినవి ఆల్బుమిన్ (లివర్ తయారుచేసే ప్రొటీన్), ఐ.ఎన్.ఆర్., ప్లేట్‌లెట్లు.

విశాఖలో ఒక పెద్ద ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. అక్కడి డాక్టరు ఫైలు తిరగేసి, నిలబడే, "లివర్ మార్పిడి ఆలోచించండి, ఇరవై ఐదు లక్షల దాకా అవుతుంది" అన్నాడు. నాలుగు నిమిషాలు. టెనోఫోవిర్, నీరు పోయే మాత్రలు చీటీలో రాశాడు కానీ వాటి గురించి ఒక్క మాట చెప్పలేదు. రైల్లో తిరిగి వస్తూ మా అత్త అడిగింది, "అంటే ఈ బిళ్లలు దేనికిరా మరి, ఊరికేనా?" అని. ఆ ప్రశ్నకు అక్కడ ఎవరైనా జవాబు చెప్పి ఉంటే తర్వాతి ఐదు నెలలు వేరేగా ఉండేవి.

నెల తిరక్కుండానే ఒకాయన దొరికాడు. సరిహద్దు దాటి పది మైళ్లు. మండలం రోజులు పొడి వాడితే లివర్ కొత్తగా పుడుతుందన్నాడు. నెలకు మూడు వేలు. షరతు ఒక్కటే, ఇంగ్లీషు మందు కలవకూడదు. ఇరవై ఐదు లక్షలకూ మూడు వేలకూ మధ్య పోలిక పెడితే ఏ ఇల్లయినా ఎటు మొగ్గుతుందో అటే మొగ్గారు. నాకు చెప్పలేదు.

ఈ లెక్క ఎక్కడ తప్పిందంటే, పోల్చాల్సింది మార్పిడినీ పొడినీ కాదు. చీటీలో ఉన్న మామూలు మాత్రల్నీ పొడినీ పోల్చాలి. హెపటైటిస్ బి వల్ల వచ్చిన సిరోసిస్‌లో టెనోఫోవిర్ రోజూ ఒక్క మాత్ర వేసుకుంటే వైరస్ అణిగి ఉంటుంది, చాలామందికి లివర్ ఇంకా పాడవకుండా ఆగుతుంది, కొందరికి కాస్త వెనక్కి కూడా తిరుగుతుంది. హెపటైటిస్ సి అయితే ఇంకా మేలు, సోఫోస్బువిర్, డాక్లాటస్విర్ జోడీ 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పూర్తిగా పోతుంది. సిరోసిస్ ముదిరి ఉంటే ఎన్నాళ్లు వాడాలో డాక్టరు చెప్తాడు. 2018 నుంచి జాతీయ వైరల్ హెపటైటిస్ కార్యక్రమం కింద ఈ పరీక్షలూ మందులూ ఉచితం. తాగుడు వల్ల వచ్చిందైతే మానడమే పెద్ద మందు. కడుపులో నీటికి స్పైరనోలాక్టోన్ ఉంది, ఉప్పు తగ్గించడం ఉంది, అన్నవాహికలో ఉబ్బిన రక్తనాళాలకు ఎండోస్కోపీలో రబ్బరు రింగులు వేయడం ఉంది. వీటిలో ఏదీ లక్షల మాట కాదు. మార్పిడి చివరి మెట్టు. దాన్ని మొదటి మాటగా చెప్పడం వల్ల జనం మిగతా మెట్లన్నీ వదిలేసి పారిపోతున్నారు.

హెపటైటిస్ బి మాత్ర హఠాత్తుగా ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. మావయ్యకు అదే జరిగింది. పైగా పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు, పప్పు లేదు, గుడ్డు అసలే లేదు, మజ్జిగన్నం మాత్రమే. సిరోసిస్ మనిషి ఒంటి కండను లివరే తినేస్తున్నట్టు ఉంటుంది. కిలో బరువుకు 1.2 నుంచి 1.5 గ్రాముల దాకా ప్రొటీన్ పడాలి, రాత్రి పడుకోబోయే ముందు కూడా ఏదో ఒకటి తినాలి. ఉప్పు తగ్గించమన్నంత వరకు పత్యం సరైనదే. మిగతాదంతా కడుపు మాడ్చడమే. మా మావయ్య భుజాల ఎముకలు చొక్కా లోంచి హ్యాంగరులా పొడుచుకొచ్చాయి. ఐదో నెలలో ఒక రాత్రి రెండింటికి రక్తం కక్కుకున్నాడు.

బరంపురం దాకా అంబులెన్సులో ఎలా వెళ్లామో ఇక్కడ రాయను. రింగులు వేశారు, బతికాడు.

ఆయుర్వేదం అసలే వద్దంటావా అని అడగొచ్చు. అనను. అదే మావయ్య తర్వాత ప్రభుత్వ ఆయుర్వేద డిస్పెన్సరీలో ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాడు. ఆమె రిపోర్టులన్నీ చూసి, "వైరస్ మాత్ర ఆపొద్దు, నీళ్ల మాత్ర ఆపొద్దు. నా దగ్గరున్న కటుకరోహిణి కూడా ఇప్పుడు మీకివ్వను" అంది. తిండి ఎలా తినాలో అరగంట కూర్చోబెట్టి చెప్పింది. నా దృష్టిలో వైద్యుణ్ని ఎంచుకునే గీటురాయి అదే. రిపోర్టులు అడిగారా లేదా. మీరు వాడే మాత్రలు ఆపమన్నారా. మందు మీద లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, అందులో ఏమున్నాయో రాసి ఉందా. సీసా మీద ఉన్న పేర్లలో పాదరసం, రాగి, ఇనుము భస్మాలుంటే (లివర్ కోసం ఇచ్చే ఆరోగ్యవర్ధిని గుళికల్లో అవి ఉంటాయి) వాటిని డిగ్రీ ఉన్న వైద్యుడి పర్యవేక్షణ లేకుండా కొనకండి, మా షాపులో అడిగినా నేను ఇవ్వను. 2004లో అమెరికాలోని బోస్టన్ చుట్టుపక్కల అమ్మే 70 ఆయుర్వేద మందుల్ని పరీక్షిస్తే 14 వాటిలో సీసమో పాదరసమో ఆర్సెనికో దొరికాయి. అవి పేరూ ఊరూ ఉన్న డబ్బాలు. పేపరు పొట్లం సంగతి మీరే ఊహించండి. క్యాన్సర్, పిత్తాశయంలో రాళ్లు లాంటి జబ్బులు నయం చేస్తామని ప్రకటన ఇవ్వడమే 1954 నాటి చట్టం ప్రకారం నేరం. గోడ మీద రాసుకున్నవాణ్ని చూస్తే అది గుర్తుపెట్టుకోండి.

కొండల్లో దిసారి, అంటే కొండ పూజారి, దగ్గరికి వెళ్లేవాళ్లకు నేను వేరే ఏమీ చెప్పను. ఆయన పూజ చేస్తాడు, చేయించుకోండి. రాయగడ అమ్మవారు మజ్జిగౌరమ్మకు మొక్కుకున్నట్టే అదీ. పూజకీ టెనోఫోవిర్‌కీ పేచీ లేదు.

ఎక్కడికి పోవాలన్నది ఊరిని బట్టి ఉంటుంది. పరీక్షలకు మీ జిల్లా ఆసుపత్రి చాలు. బిస్సంకటక్, మునిగుడ వైపు వాళ్లకు 1954 నాటి క్రిస్టియన్ హాస్పిటల్ ఉంది, అక్కడి వాళ్లు కొండ జబ్బుల్ని బాగా ఎరుగుదురు. జయపురం వాళ్లకు కోరాపుట్ మెడికల్ కాలేజీ దగ్గర. గుణుపురం, పర్లాకిమిడి వాళ్లు బరంపురం ఎం.కె.సి.జి. మెడికల్ కాలేజీకి పోవచ్చు. తెలుగులో మాట్లాడితే గానీ ధైర్యం రాదనుకుంటే విశాఖ ప్రభుత్వ ఆసుపత్రి కె.జి.హెచ్. ఉంది. భువనేశ్వర్ ఎయిమ్స్‌కు హిరాఖండ్ రైలు ఎక్కితే సరి. మార్పిడి మాట వచ్చినప్పుడు మాత్రం పెద్ద ఊరు తప్పదు. కార్డు చూసుకోండి. ఒడిశా రేషన్ కార్డుతో ఆంధ్ర వైద్య సేవ రాదు. 2025 నుంచి ఒడిశాలో ఇస్తున్న ఆయుష్మాన్ కార్డు మాత్రం వేరే రాష్ట్రంలో ఆ పథకంలో చేరిన ఆసుపత్రుల్లోనూ పనిచేస్తుంది. ఇంటికి ఏడాదికి ఐదు లక్షలు, ఆడవాళ్లకు మరో ఐదు. బయల్దేరే ముందు 14555కు ఫోను చేసి ఆ ఆసుపత్రి పేరు అడగండి.

ఇవి కనిపిస్తే పోలికలు, సలహాలు అన్నీ పక్కనపెట్టి బండి ఎక్కాలి: కామెర్లున్న మనిషి తడబడి మాట్లాడటం, పగలంతా నిద్ర, రాత్రంతా మెలకువ, రక్తపు వాంతి, తారు లాంటి నల్లటి మలం, కడుపులో నీరుండి జ్వరం. ఒళ్లు నొప్పులకు మా షాపులో డైక్లోఫెనాక్ అడిగే సిరోసిస్ వాళ్లకు నేను ఇవ్వను. తిట్టి పక్క షాపుకు పోతారు. పోనీ.

చివరగా ఒకటి. నాటు మందు వాడి ఉంటే డాక్టరుకు చెప్పండి. ఏ ఆకు, ఏ పొడి, ఎన్ని రోజులు. బరంపురంలో రింగులు వేసిన మర్నాడు రౌండ్లకు వచ్చిన కుర్ర డాక్టరు ఒడియాలో అడిగాడు, బయటి మందు ఏదైనా వాడారా అని. మావయ్య పడుకునే తల అడ్డంగా ఊపాడు. "ఏటీ వాడలేదు సార్." అత్త గోడ వైపు చూస్తూ నిలబడింది. కాసేపటికి మంచం కింద సంచీలోంచి, మడిచిన పాత చొక్కా జేబులోంచి, ఒడియా పేపరు ముక్కలో కట్టిన పొట్లం తీసి బల్ల మీద పెట్టింది. నల్లటి పొడి, వేలికి అంటుకుంటే సన్నగా మెరుస్తుంది. నేను తిడతాడనుకున్నాను. అతను పొట్లం విప్పి వాసన చూసి, మావయ్య వైపు తిరిగి, రోజుకు ఎన్నిసార్లు వేసుకున్నారని మాత్రం అడిగి, కేసు షీటులో రాసుకున్నాడు.